పాత బండి వెనక ఇరుసులో ఏం వేయాలి

ముందుగా ఒక మాట చెప్పాలి. నేను చదువుకున్నదాన్ని కాను. ఐదో తరగతి అయిన ఏడాదే నన్ను బడి మాన్పించారు. ఉత్తరాలు తప్ప నేను రాసినవి ఏమీ లేవు, అవి కూడా మేము క్షేమం, మీరు క్షేమమని తలుస్తాము అనే దగ్గర మొదలై దాదాపు అక్కడే అయిపోయేవి. ఏ శ ఎక్కడ పెట్టాలో, ఒత్తు ఏ అక్షరం కింద వేయాలో నాకు ఇప్పటికీ అనుమానమే. అక్షరాలు తప్పుగా ఉంటే చదివేవాళ్లు సరిచేసుకుని చదవండి. మన తెలుగు సంఘం పుస్తకానికి పాత రోజుల గురించి రాయమని అడిగినప్పుడు నాకు రాయడం రాదని రెండుసార్లు చెప్పాను. మాట్లాడినట్టే రాయండి అన్నారు. సరే అన్నానే గాని, భయంగానే ఉంది.

పండగల గురించి, పిల్లల చదువుల గురించి రాసేవాళ్లు చాలామంది ఉంటారు. నేను మా పాత కారు వెనక ఇరుసులో ఒక వస్తువు మార్చిన సంగతి రాస్తాను. ఆ ఏడాది మాకు అంతకంటే పెద్ద పని ఇంకేదీ లేదు.

మేము ఈ దేశం వచ్చింది డెబ్బైల చివర్లో. మిచిగన్‌లో ట్రాయ్ పక్కన ఉండేవాళ్లం. మా ఆయన అక్కగారు, అంటే మా ఆడపడుచు, అక్కడ హాస్పిటల్లో నర్సు. ఆవిడ కాగితాలు పెడితే మేము రాగలిగాం. మా ఆయనకి లేత్ మిషను మీద పని బాగా వచ్చు. ఒక చిన్న మెషిన్ షాపులో చేరారు. పిల్లలు లేరు. ఉదయం ఆయన వెళ్లిపోతే మళ్లీ వచ్చేదాకా నేనూ, హీటర్ చప్పుడూ.

చేరిన రెండేళ్లకో ఎప్పుడో, షాపులో పనిచేసే ఒకాయన దగ్గర ఈ కారు కొన్నారు. రెండు తలుపులు, పొడుగాటి ముక్కు, ముదురు ఆకుపచ్చ రంగు, ఎనిమిది సిలిండర్ల ఇంజను. ఇప్పుడు అలాంటివాటిని మజిల్ కార్లు అంటున్నారు, క్లాసిక్ అంటున్నారు, మైదానంలో వరసగా పెట్టి పక్కన నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. అప్పుడు గ్యాస్ ధర, అంటే ఇక్కడ పెట్రోలు ధర, పెరిగిపోయి జనం వాటిని వదిలించుకుంటున్నారు. మా ఆయన ఇంటి ముందుకి తెచ్చి ఆపితే వంటింట్లో గ్లాసులు కదిలాయి.

"ఇందులో బియ్యం బస్తా పడుతుందా?" అని అడిగాను.

"రెండు బస్తాలు పడతాయి. మనుషులే పట్టరు," అన్నారు.

ఆ కారు మీద ఆయన చేయి పడని చోటు లేదు. ఆదివారం భోజనం అయ్యాక గ్యారేజీలోకి వెళ్తే టీకి పిలిచేదాకా వచ్చేవారు కాదు.

ఎనభైల్లోకి వచ్చాక ఆయనకి కిడ్నీలు పాడయ్యాయి. బీపీ ఉందని అప్పటిదాకా మాకు తెలియదు. వారానికి మూడు రోజులు డయాలిసిస్ చేయించాలన్నారు. దాని కోసం ఎడమ చేతికి చిన్న ఆపరేషన్ చేసి నరాలు కలిపారు, ఆ చేత్తో బరువులు ఎత్తొద్దన్నారు. షాపులో పని పోయింది. మిషను పక్కన కూర్చోబెట్టి రక్తం శుభ్రం చేసి పంపాక ఆయనకి నిలబడే ఓపిక కూడా ఉండేది కాదు. డ్రైవ్ చేయడం మాట అటుంచండి. అందుకని మా ఆడపడుచు నాకు తన చిన్న కారులో డ్రైవింగ్ నేర్పించింది. లైసెన్స్ పరీక్ష ప్రశ్నలు తను చదివి వినిపిస్తే నేను కంఠతా పట్టాను. పాస్ అయ్యాను. ఆ పెద్ద బండిలో కూర్చుంటే స్టీరింగ్ మీద నుంచి రోడ్డు కనపడేది కాదు, కింద దిండు వేసుకునేదాన్ని.

డయాలిసిస్ చేసే చోటికి వెళ్లాలంటే మా వీధి చివర ఒక ఎత్తు ఎక్కాలి. మొదటి చలికాలం ఒక ఉదయం మంచు పడి గట్టిపడింది. నేను యాక్సిలరేటర్ నొక్కాను. కుడివైపు వెనక చక్రం గిర్రున తిరిగిపోయింది. ఎడమ చక్రం కదల్లేదు. బండి నెమ్మదిగా వెనక్కి జారి పక్కింటి వాళ్ల మెయిల్‌బాక్సుని ఆనుకుని ఆగింది. మా ఆడపడుచు డ్యూటీలో ఉంది. ఇంకెవరికీ ఫోన్ చేయడానికి మా ఆయన ఒప్పుకోలేదు, "ఒక్క రోజుకి ఏం కాదులే" అన్నారు. మర్నాటికి కాళ్లు ఉబ్బిపోయి, ఊపిరి ఆడక, అంబులెన్స్ పిలవాల్సి వచ్చింది. డాక్టరు నాతోనే చెప్పారు, మా ఆడపడుచు తెలుగులో మళ్లీ చెప్పింది. ఇంకోసారి ఇలా తప్పితే గుండె తట్టుకోకపోవచ్చని.

అందుకని వచ్చే చలికాలానికి ఆ బండి ఆ ఎత్తు ఎక్కాలి. మాకున్నది ఆ ఒక్క పనే.

మా ఆడపడుచు కారు అమ్మేయమంది. "ఒరేయ్, ముందు చక్రాలు లాగే చిన్న కార్లు వచ్చాయి. మంచులో చక్కగా పోతాయి. దీన్ని ఎవరి మొహానైనా కొట్టి అది కొనుక్కో."

"దీన్ని అమ్మితే వచ్చేదానికి సైకిలొస్తుందక్కా. నా ముందు బుట్టలో కూచుంటావా?"

మాట హాస్యంగానే అన్నారు గాని అది నిజమే. ఆ రోజుల్లో ఆ బండికి ఎవరూ ఏమీ ఇవ్వరు. ఇంకో సంగతి కూడా ఉంది. మంచం మీద పడుకున్నప్పుడు ఆయన జబ్బు మనిషి. గ్యారేజీలో బండి పక్కన స్టూలు మీద కూర్చుంటే మొహం వేరేగా ఉండేది. అది చూశాక అమ్మేద్దామని నేను అనలేకపోయాను.

ఒక చక్రమే ఎందుకు తిరిగిందని అడిగాను. ఆయన ఓపిగ్గా చెప్పారు. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలి చక్రం తక్కువ. రెండిటికీ తేడా రావాలి కాబట్టి వెనక ఇరుసు మధ్యలో డిఫరెన్షియల్ అని ఒకటి ఉంటుంది, గూడులాంటి ఇనప డబ్బా, దాని లోపల చిన్న పళ్లచక్రాలు. ఏ చక్రం తేలిగ్గా తిరిగితే దానికే తిప్పుడంతా పోతుంది. మంచు మీద జారే చక్రమే తేలిక కదా.

"అంటే కష్టపడేవాడికి ఇవ్వకుండా ఊరికే తిరిగేవాడికి ఇస్తుందన్నమాట," అన్నాను.

"మా షాపు ఓనరు లాగా," అన్నారు.

ఆ డిఫరెన్షియల్ తీసేసి, రెండు చక్రాల్నీ కలిపి పట్టుకునేది వేయాలి. అలాంటివి చాలా రకాలు ఉన్నాయి. కేటలాగ్ తెచ్చుకుని మంచం మీద పెట్టుకుని వారాల తరబడి చూశారు. కొత్తది పూర్తిగా కొనే స్తోమత మాకు లేదు. తక్కువలో అయ్యే దారులు ఏమున్నాయా అని వెతికారు. అన్నిటికంటే తక్కువ ఖర్చు, లోపలి పళ్లచక్రాల్ని వెల్డింగ్ చేసి కదలకుండా చేసేయడం. దాని తర్వాత లాకర్ అని ఒకటి, పాత గూట్లోనే చిన్న పళ్లచక్రాల బదులు కూర్చోబెట్టేది. ఆయన మనసు లాకర్ మీద పడింది.

మాకు తెలిసిన ఇంజినీరు గారు ఒకాయన ఉండేవారు. వరంగల్ వైపు మనిషి, కార్ల కంపెనీలో ఇరుసుల పనే చేసేవారు. మా ఇద్దరికంటే పెద్దాయన. ఆదివారం భోజనానికి వస్తే గోంగూర పప్పు ముందు ఇదే చర్చ.

"లాకర్ వేస్తే నువ్వు గ్యాస్ నొక్కినప్పుడు రెండు చక్రాల్ని కట్టేస్తది తమ్మీ," అన్నారు ఆయన. "మలుపుల వదుల్తది. వదిలేటప్పుడు కటకటమంటది, పట్టుకునేటప్పుడు ధడేల్మంటది. రేసుకు మంచిగనే ఉంటది. మంచు మీద మలుపు సగంల ఉన్నప్పుడు పట్టుకుంటే బండి తోక అటు తిరుగుతది, నువ్వు ఇటు చూస్తవు."

"తెలిసినవాడు నడిపితే తిరగదు."

"నడిపేది ఎవరు?"

"నేనే కదా," అన్నారు మా ఆయన.

ఇంజినీరు గారు కంచంలో పప్పు కలుపుకున్నారు. నేను పెరుగు తేవడానికి లేచాను. ఆ ఇంట్లో దాదాపు ఏడాదిగా కారు నడుపుతున్నది నేను. ఆ మాట ముగ్గురికీ తెలుసు.

మర్నాడు పార్టుల షాపుకి వెళ్లాం. నేనే డ్రైవ్ చేశాను. కౌంటరు దగ్గర ఒక లావుపాటి పెద్దాయన, ముక్కు చివర కళ్లద్దాలు. మా ఆయన లాకర్ పేజీ చూపించారు. ఆయన మొదటి ప్రశ్న, రోడ్డు మీదకా రేసుకా అని. రోడ్డు మీదకి. రెండో ప్రశ్న, ఎవరు నడుపుతారు అని.

"ఐ డ్రైవ్," అన్నారు మా ఆయన.

తాళాలు నా చేతిలో ఉన్నాయి. కౌంటరు ఆయన తాళాలకేసి చూసి, మా ఆయన చేతికున్న పట్టీకేసి చూసి, కేటలాగ్ తిప్పి ఇచ్చేశాడు. వస్తువు షాపులో లేదు, ఆర్డరు పెట్టాలి, ఇంటికెళ్లి ఆలోచించుకుని రమ్మన్నాడు. తిరిగి వస్తుంటే ఎందుకు ఆర్డరు పెట్టలేదని అడిగాను. "ధర ఎక్కువ," అన్నారు. కేటలాగ్‌లో ఉన్న ధరే అది.

వారం తర్వాత ఇంజినీరు గారు ఫోన్ చేశారు. పాత కార్లు విప్పి అమ్మే యార్డులో స్టేషన్ వ్యాగన్ అనే పొడుగాటి కారు ఒకటి ఉందట. వెనక ట్రెయిలర్ కట్టి లాగే బండ్లకి కంపెనీ వాళ్లే లిమిటెడ్ స్లిప్ అనేది వేసి ఇచ్చేవాళ్లట. అది చక్రాల్ని కట్టేయదు. లోపల పలుచటి ఉక్కు బిళ్లలు ఒకదాని మీద ఒకటి ఒత్తుకుని ఉంటాయి, ఒక చక్రం జారితే ఆ బిళ్లల పట్టుతో రెండోదానికి కూడా కొంచెం తిప్పుడు పోతుంది. మెత్తగా పోతుంది, తోక తిప్పదు. వ్యాగన్ ఇరుసుది మా బండి ఇరుసుది ఒకటే కొలత.

"ముసలివాళ్లు వేసుకునేది," అన్నారు మా ఆయన, కానీ చవకగా వస్తోందని ఒప్పుకున్నారు.

యార్డుకి వెళ్లిన రోజు చలి విపరీతంగా ఉంది. ఇరుసు ముందే విప్పి నేల మీద పడేసి ఉంది. మా ఆయన కుడి చేత్తో దాన్ని తిప్పి చూశారు, గట్టిగా ఉంది, అంటే బిళ్లలకి పట్టు ఉన్నట్టే. ఇంజినీరు గారు కూడా తిప్పి చూసి బాగుందన్నారు. ఆ చలికి లోపల ఆయిల్ గడ్డకట్టి గట్టిగా అనిపించిందని మాలో ఎవరికీ తట్టలేదు.

బిగించడం ఎవరు? మా ఆయన ఎడమ చేత్తో ఎత్తకూడదు. షాపుకి ఇస్తే కొన్న ధరకి మూడింతలు అడుగుతారు. ఇంజినీరు గారు ఆ నెల కంపెనీ పని మీద వేరే ఊరు వెళ్లారు. "నేను చేస్తాను, మీరు చెప్పండి," అన్నాను. ఆయన నవ్వారు. నేను నవ్వకపోయేసరికి ఆపేశారు.

గ్యారేజీలో కిరసనాయిలు హీటరు పెట్టుకుని, ఆయన పాత ప్యాంటు తొడుక్కుని, బండి కింద దూరాను. ఆయన స్టూలు మీద కూర్చుని టార్చి పట్టుకున్నారు. వెనక మూత విప్పగానే ఆయిల్ కారింది. ఆ వాసన నాకు తెలిసిన వాసనలాగే ఉంది.

"ఏవండీ, ఇది ఇంగువ వాసన కదూ?"

"గంధకం ఉంటుంది అందులో. పులుసులో వేసేవు."

చక్రాల ఇరుసులు లోపలికి నెట్టి, వాటిని పట్టుకునే చిన్న కొక్కేల్లాంటివి తీసి, ఇరుసులు బయటకి లాగాను. బేరింగుల మూతలు ఏది కుడి ఏది ఎడమ అని గుర్తు పెట్టమన్నారు. ఎడమదానికి బొట్టు పెట్టాను. మధ్యలో ఉన్న గూడు తియ్యడమే కష్టమైంది, రుబ్బురోలు పొత్రం అంత బరువు. రెండు చేతులతో లాగితే ఒక్కసారిగా వచ్చి నా గుండెల మీద పడింది. ఆయన స్టూలు మీద నుంచి లేచిపోయి ఎడమ చెయ్యి చాచారు. "కూర్చోండి. ఆ చెయ్యి తీయండి," అన్నాను. పెళ్లయ్యాక ఆయన్ని నేను అలా గదమాయించడం అదే మొదలు. ఆయన కూర్చున్నారు.

పాత గూటికున్న పెద్ద పళ్లచక్రాన్ని వ్యాగన్ గూటికి మార్చి, పక్కన సందు సరిచేసే రేకు ముక్కలు ఎటువైపువి అటు పెట్టి, పళ్లు సరిగ్గా కలుస్తున్నాయో లేదో చూడాలి. పళ్లకి పసుపు పచ్చటి ముద్ద రాసి తిప్పితే ఎక్కడ తాకుతోందో అచ్చు పడుతుంది.

"గోడకి సున్నం కొట్టినట్టు కాదే. గడపకి పసుపు రాసినట్టు, పల్చగా."

"ఇంత మంచి గడపకి బొట్లు కూడా పెట్టమంటారా?"

"ముందు రాయి."

అచ్చు మధ్యలో పడింది. అది చూసి ఆయన టార్చి ఆర్పి, "నా చేత్తో చేసినా ఇంతే పడేది," అన్నారు. నేను చేతుల నూనె ఆయన పాత ప్యాంటుకే తుడుచుకున్నాను.

శుక్రవారం డయాలిసిస్‌కి వెళ్లేముందు పూజ చేసి బండి బయటకి తీద్దామని అనుకున్నాం. మా ఆడపడుచు వచ్చింది. ఇంజినీరు గారు ఊరి నుంచి వచ్చేశారు, ఆయనా వచ్చారు. నేను తెల్లవారే లేచి గ్యారేజీ ముందుకి బండి తీసి, రెండు బకెట్ల వేణ్ణీళ్లతో కడిగి, ముందంతా నీళ్లు చల్లి బియ్యప్పిండితో ముగ్గు వేశాను. చలికాలంలో ఇక్కడ బయట నీళ్లు పోయకూడదని నాకు తెలుసు. కానీ పూజంటే చేతులు అలవాటు ప్రకారం పోయాయి. నేను లోపలికి వెళ్లి పసుపు కుంకుమా కొబ్బరికాయా తెచ్చేలోగా వాలుగా ఉన్న కుడివైపు నీళ్లు చేరి గాజులా గడ్డకట్టాయి.

నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టాం. కొబ్బరికాయ కొట్టాం. హారతి ఇచ్చాక నేను ఎక్కి కూర్చుని, దిండు సర్దుకుని, మెల్లగా గ్యాస్ నొక్కాను. ఇంజను అరిచింది. బండి కదల్లేదు. ఇంకొంచెం నొక్కాను.

"ఆపు," అన్నారు మా ఆయన.

దిగి చూశాను. కుడి చక్రం మంచు మీద తిరిగి కింద నిమ్మకాయని గుజ్జు గుజ్జు చేసి గ్యారేజీ తలుపు దాకా చిమ్మింది. ఎడమ చక్రం కింద నిమ్మకాయ పెట్టింది పెట్టినట్టే ఉంది. దాని మీద కుంకుమ కూడా చెదరలేదు.

మా ఆడపడుచే ముందు అంది. "ఈ చలిలో బండికి తలంట్లేంటమ్మాయ్?"

ఇంజినీరు గారు వంగి ఆ నిమ్మకాయని చూశారు. "పట్టు లేదు. బిళ్లలన్నీ అరిగిపోయినయ్," అన్నారు. "తప్పు నాది తమ్మీ. ఆ రోజు చేతితోని తిప్పి బాగుందన్న."

"మీదేం లేదన్నా. నేనూ తిప్పాను," అన్నారు మా ఆయన. ఆయన మొహం చూడలేక నేను ప్రసాదం పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లాను. ఆ రోజు డయాలిసిస్‌కి ఆయన్ని మా ఆడపడుచే తన కారులో తీసుకెళ్లింది.

వాతావరణం వార్తల్లో వారం లోపల పెద్ద మంచు పడుతుందని చెబుతున్నారు. మర్నాడు పొద్దున ఆయన ఫోన్ దగ్గర కూర్చుని ఉన్నారు. షాపులో ఆయనతో పనిచేసిన వెల్డరు ఉన్నాడు, ఆదివారం వస్తానన్నాడు. పాత డిఫరెన్షియల్‌లో పళ్లచక్రాలు వెల్డింగ్ చేసేస్తే అయిపోతుంది. ఖర్చు లేదు. ఎప్పటికీ అరగదు. రెండు చక్రాలూ ఒక్కటిగా తిరుగుతాయి.

"మలుపులో?" అన్నాను.

"మలుపులో ఒకటి కొంచెం ఈడుస్తుంది. నెమ్మదిగా తిప్పితే ఏం కాదు."

"మంచు మీద?"

"నడపడం తెలిస్తే ఏం కాదు."

అప్పుడు అన్నాను. ఎలా అన్నానో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. "ఏవండీ, ఆ బండి నడిపేది నేను. మీరు కాదు. ఈ చలికాలమే కాదు, వచ్చే చలికాలం కూడా నేనే. మీకు నచ్చింది వేసుకుంటే దాన్ని నేను తిప్పలేను. పక్కన కూర్చునేది మీరు. జారితే ఇద్దరం పోతాం. అది వెల్డింగ్ చేస్తే నేను తాళం ముట్టుకోను, అంబులెన్సే పిలుచుకుందాం."

ఆయన నన్ను కోప్పడతారని అనుకున్నాను. కోప్పడలేదు. కేటలాగ్ మూసి బల్ల మీద పెట్టి, కిటికీలోంచి చాలాసేపు బయటకి చూశారు. మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే వచ్చి తిన్నారు. నేను అన్నది తప్పు కాదని నాకు తెలుసు. అయినా అన్నం సయించలేదు. ఆయన దగ్గర అన్నీ ఒకటొకటిగా పోతున్నాయి. పని పోయింది, చెయ్యి పోయింది, ఉప్పు పోయింది, దాహమేస్తే కడుపారా నీళ్లు తాగే భాగ్యం పోయింది. మిగిలిన ఒక్కటీ నా నోటితో తీసేశాను.

వెల్డరుకి వద్దని చెప్పినట్టున్నారు, నేను వినలేదు. సోమవారం డయాలిసిస్‌కి ఇంకా టైముండగానే బయల్దేరి, "ముందు పార్టుల షాపుకి పోనీ," అన్నారు.

కౌంటరు దగ్గర అదే పెద్దాయన. మా ఆయన వ్యాగన్ నుంచి వచ్చిన గూటి నంబరు చెప్పి, దానికి బిళ్లల సెట్టు, స్ప్రింగులు కావాలన్నారు. బిళ్లలు మారిస్తే కొత్తదానిలా పనిచేస్తుందనీ, పూర్తిగా కొత్తది కొనక్కర్లేదనీ ఇంజినీరు గారు చెప్పారట. కౌంటరు ఆయన స్ప్రింగులు రెండు రకాలున్నాయన్నాడు, గట్టివి, మెత్తవి. మళ్లీ అదే ప్రశ్న అడిగాడు, ఎవరు నడుపుతారు అని.

మా ఆయన కౌంటరు మీద చెయ్యి పెట్టి నిలబడ్డారు. తర్వాత, "మై వైఫ్. షీ డ్రైవ్స్. ఇన్ ద స్నో," అన్నారు.

ఆయన తలూపి మెత్తవి తెచ్చాడు. దానికి వేసే ప్రత్యేకమైన ఆయిల్ చిన్న సీసా కూడా పక్కన పెట్టాడు. అది మర్చిపోతే బిళ్లలు బిగుసుకుపోయి మలుపుల్లో కొట్టుకుంటాయని నాకేసి చూసి చెప్పాడు. అప్పటిదాకా ఆ షాపులో ఎవరూ నాతో మాట్లాడలేదు.

బిళ్లల్ని ముందు ఆయిల్‌లో నానబెట్టాలి. నా దగ్గరున్న పెద్ద స్టీలు గిన్నెలో వేశాను. "పప్పు నానబెట్టే గిన్నె అది," అన్నారు. "ఇక మీదట కాదు," అన్నాను. ఈసారి ఇంజినీరు గారు కూడా వచ్చారు, బరువు ఎత్తే చోట ఆయన చేయి వేశారు. మిగతాది నేనే చేశాను. మా ఆయన చెప్పడం కూడా తగ్గించేశారు. బిళ్లలు ఒకటి విడిచి ఒకటి పేరుస్తుంటే ఊరికే చూస్తూ కూర్చున్నారు. అయ్యాక ఒక చక్రం పైకెత్తి, రెండోది నేల మీదే ఉంచి, పొడుగు రెంచితో తిప్పి చూడమన్నారు. నా బలమంతా పెట్టి వేలాడితే గాని కదల్లేదు.

"ఇది చలి వల్ల కాదు కదా?" అన్నాను.

"హీటరు పక్కనే ఉంది చెల్లెమ్మా," అన్నారు ఇంజినీరు గారు.

మంచు గురువారం నాడు పడింది. శుక్రవారం డయాలిసిస్. పొద్దున లేచేసరికి మంచు తోసే బండి వీధిలో మంచుని పక్కకి నెట్టి వెళ్లింది, ఆ కుప్పల్లో మెయిల్‌బాక్సులు సగం దాకా మునిగాయి. నేను పార పట్టుకుని బండి ముందు దారి చేశాను. మా ఆయన కోటు, మఫ్లరు వేసుకుని ఎడమ తలుపు, అంటే ఇక్కడ డ్రైవరు తలుపు, దగ్గరికి వెళ్లబోయి, ఆగి, చుట్టూ తిరిగి కుడి తలుపు దగ్గరికి వచ్చారు. తుడిచిన దారి కూడా జారుతోంది, తలుపు దాకా నా భుజం పట్టుకునే నడిచారు.

ఎత్తు దగ్గర ముందు ఒక చిన్న కారు ఆగిపోయి ఉంది. దాని పక్క నుంచి పోవాలి. గ్యాస్ మెల్లగా నొక్కాను. వెనక ఏదో కొంచెం మూలిగింది, తర్వాత బండి వెనక భాగం ఒక్క జానెడు ఎడమకి జరిగింది. నేను కాలు కొంచెం తీశాను, స్టీరింగ్ ఊరికే పట్టుకున్నాను. ఆయన ఏదైనా చెప్తారేమో అని ఎదురుచూశాను. బండి తిన్నబడి, అలాగే, ఎడ్లబండి నడిచినంత వేగంతో ఎత్తు ఎక్కేసింది.

పైకి వెళ్లాక సిగ్నల్ దగ్గర ఆగి ఆయనకేసి చూశాను. కళ్లు మూసుకుని ఉన్నారు. ముందు భయపడ్డాను. ఊపిరి మామూలుగానే ఆడుతోంది. నిద్రపోయారు. నేను నడిపే బండిలో ఆయన ఎప్పుడూ నిద్రపోలేదు, కుడికాలు లేని బ్రేకు మీద నొక్కుతూ కూర్చునేవారు.

ఆ చలికాలం డయాలిసిస్ ఒక్కటీ తప్పలేదు. ఆ తర్వాత చలికాలాలూ తప్పలేదు. గ్యాస్ స్టేషన్లో ఎవరైనా దగ్గరికి వచ్చి బండి భలే ఉందంటే, మా ఆయన అద్దం కిందకి దించి, "హర్ కార్," అని నన్ను చూపించేవారు. వెనక ఏం వేశారని అడిగితే అది కూడా నన్నే అడగమనేవారు. నాకు వచ్చిన ఇంగ్లీషులో నేను చెప్పేదాన్ని.

ఆయన పోయింది ఒక వేసవిలో. రోడ్డు పొడిగా ఉంది, బండి బాగుంది, నేను సిద్ధంగా ఉన్నాను. ఆ రోజు వాటితో పని లేకపోయింది. మాకు అన్ని చలికాలాలు దొరికాయి, ఆ పైన దొరకలేదు. దాని గురించి ఇంకా ఏం రాయాలో నాకు తెలియదు.

ఇంత పొడుగు నేను ఎప్పుడూ రాయలేదు. వాక్యాలు ఎక్కడ ఆపాలో తెలియక కొన్నిచోట్ల సాగదీసి ఉంటాను, యంత్రాల సంగతులు ఏవైనా తప్పు చెప్పి ఉంటే అది నాకు సరిగ్గా తెలియక జరిగినదే. చదివినవాళ్లందరూ పెద్ద మనసు చేసుకుని నా అక్షరాల్లోని తప్పుల్ని మన్నించమని కోరుకుంటున్నాను.